ఇంటర్నెట్ పాలన వివాదం

ఇంటర్నెట్‌లోని పేర్లు, చిరునామాల వ్యవస్థపై తుది అధికారం ఎవరిదన్న విషయమై 1990ల నుంచి దేశాల మధ్య నడుస్తున్న వివాదం ఇది. తగవంతా ఒక చిన్న జాబితా దగ్గర మొదలైంది. .కామ్, .ఇన్ వంటి విభాగాల వివరాలు ఏ కంప్యూటర్లలో దొరుకుతాయో చెప్పే ఆ జాబితాను ‘రూట్’ అంటారు. అందులోంచి ఒక దేశం పేరు కొట్టేస్తే ఆ దేశపు విభాగంలోని చిరునామాలన్నీ కొద్ది రోజుల్లోనే తెరుచుకోకుండా పోతాయి.

మొదట్లో ఈ వ్యవస్థ బాగోగులు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే జాన్ పోస్టెల్ చూసేవారు. ఆయన మాట మీద అందరికీ గురి. అది ఎంతటిదో 1998 జనవరి చివర్లో తెలిసింది. జాబితాను అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్న కంపెనీ నుంచి కాకుండా తన యంత్రం నుంచి తీసుకోమని, దాన్ని అందరికీ అందించే రూట్ సర్వర్ల నిర్వాహకులకు పోస్టెల్ ఈమెయిల్ పంపారు. ఎనిమిది సర్వర్లు ఆయన చెప్పినట్టే చేశాయి. వైట్‌హౌస్ ఉలిక్కిపడింది. ఇది పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ వెనక్కి తగ్గారు. ఆ ఏడాదే ఈ వ్యవస్థ బాగోగులు చూసేందుకు కాలిఫోర్నియాలో ‘ఐకాన్’ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. అక్టోబరులో పోస్టెల్ కన్నుమూశారు. ఐకాన్ నడిచింది అమెరికా వాణిజ్య శాఖ కాంట్రాక్టు కిందే. మిగతా దేశాలకు మింగుడుపడనిది ఇదే.

2003లో జెనీవాలో, 2005లో ట్యునిస్‌లో ఐక్యరాజ్యసమితి జరిపిన శిఖరాగ్ర సభల్లో చైనా, ఇరాన్, బ్రెజిల్ వంటి దేశాలు ఈ ఏకపక్ష పెత్తనాన్ని గట్టిగా ప్రశ్నించాయి. భారతీయుడైన నితిన్ దేశాయ్ అధ్యక్షతన 40 మంది సభ్యుల బృందం నాలుగు ప్రత్యామ్నాయాలు సూచించింది. అమెరికా పట్టు వీడలేదు. చివరికి నిర్ణయాధికారం లేని ఒక చర్చా వేదిక మాత్రం పుట్టింది. దాని మూడో సమావేశం 2008 డిసెంబరులో, ముంబై దాడులు జరిగిన కొద్ది రోజులకే, హైదరాబాద్‌లో జరిగింది.

భారత్ వైఖరి నిలకడగా లేదు. 2011లో ఇంటర్నెట్ పాలనకు ఐరాసలో 50 దేశాల కమిటీ కావాలంది. 2015లో ప్రభుత్వాలతోపాటు కంపెనీలు, పౌరసమాజం, సాంకేతిక నిపుణులు కలిసి నడిపే పద్ధతినే సమర్థించింది. ఆ తడబాటుకు కారణం లేకపోలేదు. ఒక్క దేశం గుప్పిట్లో ఉండడం అన్యాయం. ప్రభుత్వాలన్నిటి చేతికీ ఇస్తే నిషేధాలు పెరుగుతాయన్న భయమూ నిజమే. 2012లో దుబాయ్‌లో టెలికాం ఒప్పందంపై 89 దేశాలు సంతకం చేస్తే, అమెరికా సహా 55 దేశాలు చేయకపోవడానికి ఆ భయమే ముఖ్య కారణం.

మరుసటి ఏడాది ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘాను బయటపెట్టడంతో ‘మా చేతిలో ఉంటేనే భద్రం’ అన్న వాదనకు విలువ పోయింది. 2014 మార్చిలో అమెరికా ఐకాన్‌పై తన పెత్తనం నుంచి తప్పుకుంటానని ప్రకటించింది. దాన్ని ఆపాలని నాలుగు అమెరికన్ రాష్ట్రాలు కోర్టుకెక్కినా ఫలితం దక్కలేదు. 2016 అక్టోబరు 1న కాంట్రాక్టు ముగిసింది. అయితే ఐకాన్ ఇప్పటికీ కాలిఫోర్నియా చట్టాల కిందే ఉంది.

2022లో రష్యా దాడి మొదలయ్యాక, రష్యా విభాగమైన .ఆర్‌యూను రద్దు చేయించమని ఉక్రెయిన్ ఐకాన్‌ను కోరింది. ఇంటర్నెట్ పనిచేసేలా చూడడమే తప్ప దాన్ని ఆపడం తమ పని కాదంటూ ఐకాన్ నిరాకరించింది.