విమానాల తెరలకు పెన్‌డ్రైవ్: ఎంపిక, పరీక్ష, వాడుక

చిన్న విమానాలలో పైలట్ ఎదుట ఒకప్పుడు గుండ్రని ముళ్ల మీటర్లు వరుసగా ఉండేవి. వాటి స్థానంలో ఇప్పుడు కంప్యూటరు తెరలు వచ్చాయి. వేగం, ఎత్తు, దిక్కు, ఇంజను వేడి, దారి పటం, ఎదుటి కొండలు అన్నీ ఆ తెరమీదనే కనిపిస్తాయి. ఈ అమరికకు గ్లాస్ కాక్‌పిట్ అని పేరు. ఆ తెరలోనికి కొత్త సమాచారాన్ని ఎక్కించే సాధనం అనేక నమూనాలలో మనం పాటలకూ ఫోటోలకూ వాడే పెన్‌డ్రైవే. లక్షల రూపాయల పరికరానికి కొన్ని వందల రూపాయల వస్తువు వాకిలి అయినది. ఆ వస్తువును ఎలా ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి, ఎలా కాపాడుకోవాలి అన్నది ఈ వ్యాస విషయం.

మన ప్రాంతానికి ఇది దూరపు మాట కాదు

ఒకప్పుడు ధర్మపురి జిల్లాలో భాగమై, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాకు చెందిన హొసూరు సమీపాన, బెళగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్ సంస్థకు సొంత రన్‌వే ఉన్నది. ఇటలీకి చెందిన పార్టెనావియా సంస్థ నమూనా అయిన పి68సి అనే ఆరు సీట్ల విమానాలను 1990 దశకంలో అక్కడ తయారు చేశారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన హంస శిక్షణ విమానాలు కూడా అక్కడ తయారైనాయి. హంసకు కొత్త రూపమైన హంస-ఎన్‌జీ 2021 సెప్టెంబరు 3న తొలిసారి ఎగిరింది. అందులో ఉన్నది గ్లాస్ కాక్‌పిట్టే.

2022లో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ రెండవ విడతగా పైలట్ శిక్షణకు స్థలం కేటాయించిన ఐదు విమానాశ్రయాలలో సేలం, కడప రెండూ చేరాయి. కనుక ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల తెలుగు విద్యార్థులు పైలట్లుగానో విమాన ఇంజనీర్లుగానో ఈ తెరల ముందు నిలిచే రోజులు వచ్చాయి. వారికి పాఠ్యపుస్తకంలో తగినంత చోటు దొరకని అంశం ఇది.

పెన్‌డ్రైవ్ మోసేది ఏమిటి?

తెరలోనికి ప్రధానంగా మూడు రకాల సమాచారం వెళుతుంది. మొదటిది తెరను నడిపే సాఫ్ట్‌వేర్. రెండవది దారి సమాచారం, అనగా విమానాశ్రయాలు, రన్‌వేలు, రేడియో పౌనఃపున్యాలు, ప్రవేశం నిషేధించిన గగనతలాలు. మూడవది నేల ఎత్తులు, అడ్డంకులు. ఇవి లోపలికి వెళ్లేవి. ఇంజను ఎలా పనిచేసిందో తెలిపే నమోదులు కొన్ని తెరల నుంచి అదే పెన్‌డ్రైవ్ ద్వారా బయటికి వస్తాయి.

దారి సమాచారం ప్రపంచమంతటా 28 రోజులకు ఒకసారి, ఎల్లప్పుడూ గురువారం నాడు మారుతుంది. ఏడాదికి ఇటువంటి చక్రాలు సాధారణంగా 13. కొండలు 28 రోజులలో మారవు గాని, అడ్డంకులు మారుతాయి. సెల్ టవర్లు, హైటెన్షన్ స్తంభాలు, చిమ్నీలు కొత్తగా లేస్తూనే ఉంటాయి. మేట్టూరు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 2013లో 600 మెగావాట్ల కొత్త యూనిట్ వచ్చింది. అంతటి యూనిట్‌కు ఎత్తైన చిమ్నీ తప్పదు. పాత సమాచారంతో ఎగిరే విమానపు తెరమీద అటువంటి చోట ఖాళీ ఆకాశమే కనిపిస్తుంది.

బి. మల్లాపురం వారికి శెర్వరాయన్ కొండలు దక్షిణాన ఎదురుగానే ఉన్నాయి. కామలాపురంలోని సేలం విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఉంటే, ఏర్కాడు సుమారు అయిదు వేల అడుగుల ఎత్తున ఉన్నది. మబ్బు పట్టిన సాయంకాలం ఆ కొండను విమానపు తెర ఎర్రరంగులో చూపి పైలట్‌ను హెచ్చరించాలి. ఆ హెచ్చరిక నేల ఎత్తుల సమాచారం సరిగా ఎక్కిన తెరకే సాధ్యం.

పెద్ద విమానాలలోనూ ఈ పని చాలాకాలంగా ఉన్నది. బోయింగ్ 747-400 రకపు విమానాలకు దారి సమాచారాన్ని 28 రోజులకు ఒకసారి మూడున్నర అంగుళాల ఫ్లాపీలతో ఎక్కించేవారు. ఒక్క ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ మాత్రమే. సాధనం మారింది, పని మారలేదు.

మొదట తెర ఏది కోరుతున్నదో చూడాలి

అన్ని తెరలకూ పెన్‌డ్రైవ్ పనికిరాదు. గార్మిన్ జీ1000, జీ3ఎక్స్ తెరలు ఎస్‌డీ కార్డులను కోరుతాయి. 2009లో వచ్చిన డైనన్ స్కైవ్యూ తెరలు యూఎస్‌బీ పోర్టు ద్వారా పెన్‌డ్రైవ్‌ను స్వీకరిస్తాయి. కనుక దుకాణానికి వెళ్లే ముందు తెర తయారీదారు ఇచ్చిన మాన్యువల్‌లో మూడు సంగతులు చూసి రాసుకోవాలి: ఏ రకపు సాధనం, గరిష్ఠంగా ఎన్ని జీబీ, ఏ ఫార్మాట్. తక్కిన సలహాలన్నీ ఈ మూడింటి తరువాతే.

ఫార్మాట్, పరిమాణం

తెరలోని కంప్యూటరు మన ఇంటి కంప్యూటరువలె అన్ని ఫార్మాట్లనూ చదవదు. చాలా తెరలు కోరేది ఫ్యాట్32. ఇది 1996లో విండోస్ 95తో వచ్చిన పాత పద్ధతి. పాతదైనందువల్లనే దాదాపు అన్ని పరికరాలూ దీనిని చదవగలవు. ఇందులో ఒక్క ఫైలు 4 జీబీని దాటకూడదు. నేడు 64 జీబీ, అంతకు మించిన డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో అమ్ముడవుతున్నాయి. విండోస్‌లోని మామూలు ఫార్మాట్ పెట్టె 32 జీబీ దాటిన డ్రైవ్‌లకు చాలాకాలం ఫ్యాట్32ను చూపనే లేదు.

అందుచేత మాన్యువల్ వేరుగా చెప్పనంతవరకు 8, 16, 32 జీబీ డ్రైవ్‌లు మేలు. ఎక్కువ జీబీ ఉంటే ఎక్కువ మంచిదన్న అభిప్రాయం ఇక్కడ చెల్లదు. తెర గుర్తించలేని 256 జీబీ కంటే తెర చదవగల 8 జీబీ విలువైనది.

కొన్ని డ్రైవ్‌లలో తయారీదారు సొంత సాఫ్ట్‌వేర్ ఉండి, తగిలించగానే అది వేరొక సీడీ డ్రైవ్‌లాగా కనిపిస్తుంది. కొన్నిటిలో పాస్‌వర్డు తాళం ఉంటుంది. ఇటువంటివాటిని తెర తికమకగా చదువుతుంది, లేదా అసలు చదవదు. ఏ అలంకారమూ లేని సాదా డ్రైవ్‌నే కొనాలి.

వేగం, విద్యుత్తు, ఆకారం

2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు. 2008లో వచ్చిన 3.0 వేగం 5 గిగాబిట్లు. తెరలోని పోర్టు 2.0 అయితే 3.0 డ్రైవ్ కూడా 2.0 వేగంతోనే నడుస్తుంది. కనుక వేగం కొరకు అదనపు ధర పెట్టనవసరం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసిన విద్యుత్తు 500 మిల్లీ ఆంపియర్ల వరకే. దీపాలతో మెరిసే డ్రైవ్‌లు, పోర్టు నుంచే విద్యుత్తు తీసుకునే హార్డ్ డిస్కులు ఇక్కడ తగవు.

ఆకారం చిన్న విషయంగా తోచవచ్చు. పొడవైన డ్రైవ్ ప్యానెల్ నుంచి ముందుకు పొడుచుకొని ఉంటే మోకాలో చేయో తగిలి పోర్టు విరుగుతుంది. ఊడివచ్చే మూత మరింత ప్రమాదకరం. కాక్‌పిట్‌లో జారిపడిన చిన్న వస్తువు పెడళ్ల కింద, నియంత్రణ కడ్డీల సందులలో ఇరుక్కోవచ్చు. మూత లేని పొట్టి లోహపు డ్రైవ్‌ను ఎంచుకొని, దాని రంధ్రానికి ఎర్రని రిబ్బను కట్టడం మంచి పద్ధతి. ఎగిరే ముందు తీయవలసినదైతే ఆ రిబ్బను కంటపడి గుర్తుచేస్తుంది.

వేడి, మన్నిక

పెన్‌డ్రైవ్‌లో సమాచారం ఫ్లాష్ మెమరీ కణాలలో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఒక కణంలో ఒక బిట్ దాచేది ఎస్‌ఎల్‌సీ, రెండు దాచేది ఎంఎల్‌సీ, మూడు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. బిట్లు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది, మన్నిక కూడా తగ్గుతుంది. ఏడాదికి 13 సార్లు రాసే పనికి రాత వల్ల అరుగుదల పెద్ద సమస్య కాదు. అసలు శత్రువు వేడి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన విమానం లోపలి వేడి బయటి వేడిని ఎంతగానో మించిపోతుంది. మామూలు డ్రైవ్‌లు చాలావరకు 0 నుంచి 60 లేక 70 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసేలా తయారవుతాయి. పారిశ్రామిక రకాలు మైనస్ 40 నుంచి 85 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. వేడిలో కణాల ఆవేశం త్వరగా కారిపోతుంది.

కనుక పని ముగియగానే డ్రైవ్‌ను తీసి నీడలో భద్రపరచాలి. పటాలను డ్రైవ్ నుంచే చదివే అమరిక ఉన్నందున అది ఎప్పుడూ తగిలించి ఉండవలసి వస్తే, పారిశ్రామిక రకాన్ని కొనడం ఉచితం.

నకిలీలను పట్టుకొనుట

లోపల 8 జీబీ మాత్రమే ఉండి పైన 64 జీబీ అని రాసిన డ్రైవ్‌లు సంతలలోనూ ఇంటర్నెట్ అంగళ్లలోనూ దొరుకుతాయి. వాటిని కంప్యూటరు కూడా 64 జీబీగానే చూపుతుంది. 8 జీబీ దాటిన తరువాత రాసినదంతా మౌనంగా పాడవుతుంది. కొనగానే ఎచ్2టెస్ట్‌డబ్ల్యూ లేక ఎఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం పరిమాణాన్ని నింపి, తిరిగి చదివించి చూడాలి. ఈ పరీక్షకు గంటలు పట్టినా సరే, దానిని మానకూడదు. బిల్లు ఇచ్చే దుకాణంలో, తెలిసిన కంపెనీ సరుకే కొనాలి.

ఒక డ్రైవ్, ఒకే పని

మన ఊళ్లలో పెన్‌డ్రైవ్ ప్రయాణం అందరికీ తెలిసినదే. జెరాక్స్ దుకాణానికి ప్రింటు కొరకు వెళ్లి వైరస్‌తో తిరిగి వస్తుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతాయి. అక్కడి నుంచి టీవీకి, కారు స్టీరియోకు, బంధువుల లాప్‌టాప్‌కు వెళుతుంది. ఇంట్లో అది చికాకు మాత్రమే. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌తో సంబంధం లేని ఇరాన్ అణు కర్మాగారపు కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవ్‌ల ద్వారానే చేరినదని నిపుణులు భావిస్తారు. ఇంటర్నెట్ లేని యంత్రం సురక్షితమన్న నమ్మకాన్ని అది చెరిపివేసింది.

అందువల్ల విమానపు డ్రైవ్‌లో పాటలు, ఫోటోలు, ఇతర పత్రాలు ఏవీ ఉండరాదు. దానిపై విమానం రిజిస్ట్రేషన్ సంఖ్యను అతికించాలి. సమాచారం దింపుకొనే కంప్యూటరు కూడా ఒకటే అయి ఉండటం మేలు. ఇదే రకపు రెండవ డ్రైవ్‌ను పరీక్షించి సిద్ధంగా ఉంచుకోవాలి.

ఎక్కించే క్రమం

1. తయారీదారు వెబ్‌సైటు నుంచే ఫైలును దింపుకోవాలి. ఫైలు పేరును మార్చరాదు. మాన్యువల్ చెప్పిన చోటనే, సాధారణంగా ఫోల్డర్లకు బయట, ఉంచాలి.

2. కంప్యూటరు నుంచి డ్రైవ్‌ను లాగివేయకుండా, సురక్షితంగా తొలగించే ఆజ్ఞ ఇచ్చిన తరువాతనే తీయాలి. సగం రాసిన ఫైలుకు ప్రధాన కారణం ఈ తొందరపాటే.

3. విమానం నేలమీద, ఇంజను ఆపి ఉన్నప్పుడే ఎక్కించాలి. బ్యాటరీ బలం చాలదనిపిస్తే బయటి విద్యుత్తు పెట్టాలి. మధ్యలో విద్యుత్తు పోతే తెర సాఫ్ట్‌వేర్ సగంలో నిలిచిపోవచ్చు.

4. ముగిసిన తరువాత తెరను ఆపి మళ్లీ వెలిగించి, సమాచారపు తేదీలను ప్రతి తెరమీదా వేరువేరుగా చదవాలి. రెండు తెరలలో ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే అది పూర్తిగా పాతదానికంటే ప్రమాదకరం.

5. తేదీని, చేసిన వారి పేరును పుస్తకంలో నమోదు చేయాలి. శిక్షణ విమానంలో ఈ పని ఎవరు చేయవచ్చునో సంస్థ నియమాలు, బాధ్యత గల ఇంజనీరు నిర్ణయిస్తారు. విద్యార్థి సొంత చొరవతో చేయరాదు.

ఎంపిక సారాంశం

మాన్యువల్ కోరిన రకం, ఫ్యాట్32, 8 నుంచి 32 జీబీ, సాదా సాఫ్ట్‌వేర్, మూత లేని పొట్టి ఆకారం, పూర్తి పరిమాణపు పరీక్ష, ఒకే పనికి కేటాయింపు, పక్కన మరొకటి. దుకాణంలో ఈ గుణాలు కలిగిన డ్రైవ్ చౌకగానే దొరుకుతుంది. దానిని ఆ ఒక్క పనికే కట్టుబడి వాడే క్రమశిక్షణను మాత్రం ఎక్కడా కొనలేము. విమానం నడిపేవారూ, దానిని బాగుచేసేవారూ తొలి పాఠం నుంచే దానిని అలవరచుకోవాలి.