వంటసామాను చెప్పే మన చరిత్ర

మన చరిత్ర రాసినవాళ్లు తిరుగుబాట్లను రాశారు, పండుగలను రాశారు. మన వంటింట్లోకి మాత్రం తొంగి చూసినవాళ్లు తక్కువ. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. మనకు రోలు, తిరగలి, ఆనపకాయ బుర్ర, వెదురు బొంగు ఉన్నాయి. వాటిని చదవడం మనం నేర్చుకోవాలి.

రాయితో మొదలుపెడదాం. 1957లో ఆల్చిన్ అనే పురాతత్వవేత్త పాలమూరు వైపు ఉట్నూరులో బూడిద దిబ్బను తవ్వాడు. ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు. ఆ దిబ్బ నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి. ఆ కాలపు దక్షిణాది ఊళ్లలో నూరుడు రాళ్లు, చిరుధాన్యాల గింజలు, ఉలవలు దొరికాయి. గుండ్రంగా తిరిగే తిరగలి ఆ తర్వాత ఎంతో కాలానికి వచ్చింది. చిరుధాన్యాలు తినడం ఈ నేలకు కొత్త కాదని ఆ రాళ్లే సాక్ష్యం.

బుర్ర సంగతి వేరు. దాన్ని మనం కొనలేదు, పండించుకున్నాం. ఆనపకాయను తీగ మీదే ముదరనిచ్చి, ఎండబెట్టి, మూతి కోసి నీళ్లు పోస్తాం. లోపలి గుజ్జు కుళ్లాక ఇసుక, గులకరాళ్లు వేసి కడిగేస్తాం. విత్తనాలు మళ్లీ నాటుకోవడానికి దాస్తాం. దళసరి పెంకు ఎండ వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. అందుకే పోడుకు తీసుకెళ్లిన చోడి అంబలి మధ్యాహ్నానికీ చల్లగా ఉంటుంది. పొడుగు మెడ కాయను నిలువునా కోస్తే అదే గరిటె.

ఆ బుర్రలోనే జీలుగు కల్లు, తాటి కల్లు పట్టేవాళ్లం. తెల్లదొరల పాలనలో ఇంటి అవసరానికి గీసుకున్న కల్లుకూ పన్ను కట్టాల్సి వచ్చింది. 1879లో రంప కొండలు తిరగబడటానికి ఆ పన్ను ఒక ముఖ్య కారణం. బుర్రలోకి చెయ్యి పెట్టిన పాలనను మనవాళ్లు ఊరుకోలేదు.

వెదురుదీ అలాంటి కథే. చేట, బుట్ట, జల్లెడ, నీళ్ల బొంగు అన్నీ దాని నుంచే. పచ్చి బొంగులో మాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలిస్తే నూనె లేకుండానే ఉడుకుతుంది. ఇప్పుడు అరకు, మారేడుమిల్లి దారుల్లో అదే పర్యాటకుల వంటకం. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతి. కానీ 1927 అటవీ చట్టం దాన్ని చెట్టుగా లెక్కగట్టింది. అలా మన బుట్ట అధికారి అనుమతి కింద పడింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరించుకునే, అమ్ముకునే హక్కు మనకిచ్చింది. ఈ విషయం ప్రతి గ్రామసభలో తెలియాలి.

అడ్డాకు విస్తరిని మనం భోజనానికి కుట్టుకున్నాం. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొన్న సరుకుల్లో ఆ ఆకూ ఉంది. ఇంటి కంచం సంత సరుకైంది. తర్వాత అదే సంత నుంచి అల్యూమినియం గిన్నె, ప్లాస్టిక్ బిందె మన ఇళ్లకొచ్చాయి.

పాతదంతా తిరిగి తెచ్చుకోవాలని మనం అనడం లేదు. సామలు దంచడానికి మన ఆడవాళ్ల పొద్దులెన్నో రోకలి కిందే నలిగిపోయాయి. మర వాళ్ల భుజాలకు విశ్రాంతినిచ్చింది. అది మంచిదే. అయితే మర ధాన్యాన్ని తెల్లగా చేసి తవుడును తీసేసింది. దంపుడు గింజలోని బలం ఆ తవుడులోనే ఉండేది. మరను ఉంచుకుందాం, తవుడునూ వదులుకోవద్దు.

మనం చేయాల్సిన పని ఒకటుంది. కోయ, గోండి, కువి, సవర, కొలామి భాషల్లో ప్రతి వంటసామానుకూ పేరుంది. దాని భాగాలకు, అది చేసే పనులకు కూడా మాటలున్నాయి. వస్తువు అటక ఎక్కితే ముందు ఆ మాటలే పోతాయి. ఉపాధ్యాయులు పిల్లలను అవ్వల దగ్గరికి పంపాలి. యువకులు ఆ మాటలను వాళ్లు పలికినట్టే రాసుకోవాలి, వస్తువు బొమ్మ గీయాలి, ఎవరు చేశారో, దేనితో చేశారో అడగాలి. మ్యూజియం అద్దం వెనక బుర్ర ఉంటే చాలదు. దానికి మన పేరు, మన కథ పక్కనే ఉండాలి. అవి రాయగలిగేది మనమే.