అడుగును దాచలేని రంగు – కారు పెయింటు చరిత్ర

మన సభ్యులలో చాలామంది ఇళ్ల ముందు ఇప్పుడు కారు కనిపిస్తున్నది. సర్వీసులో ఉండగా మనకు లేకపోయినా, పిల్లల పుణ్యమా అని వచ్చింది. ఎక్కడో గీసుకుని షెడ్డుకు పంపితే, ముఖ్యంగా ఎరుపు, పసుపు బండ్ల విషయంలో, పెయింటరు అనే మాట ఒకటుంది: "రంగు కవర్ కావడం లేదండీ, ఇంకో రెండు కోటింగులు కొట్టాలి." దానితో బిల్లు పెరుగుతుంది. ఆఫీసు వాహనాల రిపేరు బిల్లులు పరిశీలించే సీటులో కొన్నేళ్లు పనిచేసిన నాకు ఈ మాట కొత్త కాదు. ఇది సాకా, నిజమా అని తేల్చుకోవాలంటే కొంత చరిత్ర తెలియాలి.

తొలి మోటారు కార్లకు గుర్రపు బగ్గీలకు వేసినట్టే కుంచెతో రంగు, పైన వార్నిష్ పూసేవారు. పూత మీద పూత ఆరడానికి వారాలు పట్టేది. ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి కారును 1914 నుంచి 1925 వరకు నలుపులోనే అమ్మింది. 1923లో డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్‌తో చేసిన 'డ్యూకో' లాకర్ రంగంలోకి వచ్చింది. జనరల్ మోటార్స్ వారు తమ 1924 ఓక్లండ్ కార్లకు దానితో నీలం రంగు వేశారు. వారాల పని గంటలలోకి వచ్చింది, కుంచె పోయి స్ప్రే గన్ వచ్చింది. మన వడ్రంగులు బీరువాలకు 'డ్యూకో కొట్టించండి' అనే మాట ఆ పేరు నుంచి వచ్చినదే.

రంగు అడుగును ఎలా దాచుతుంది? బజ్జీల పొట్లం కాగితం చూడండి. పొడిగా ఉన్నప్పుడు అవతలిది కనిపించదు. నూనె పీల్చగానే కనిపిస్తుంది. కాగితపు పోగుల మధ్య గాలి ఉన్నంతసేపు వెలుగు చెదిరి వెనక్కు వస్తుంది. నూనె ఆ సందులను నింపితే వెలుగు దూసుకుపోతుంది. పెయింటులో కూడా అంతే. రంగు పొడికి, దానిని పట్టి ఉంచే రెసిన్‌కు వెలుగును వంచే గుణంలో ఎంత తేడా ఉంటే అంత కవరేజి. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్‌కు ఈ గుణం చాలా ఎక్కువ. మన ఆఫీసుల తెల్ల అంబాసిడర్లకు ఈ చిక్కు అంతగా రాకపోవడానికి కారణం ఇదే.

పసుపు, నారింజ, ఎరుపులలో ఆ పని చేసినది సీసపు క్రోమేటు. కాంతిగా ఉండేది, అడుగును బాగా దాచేది, ధర తక్కువ. కాని సీసం విషం, ఆ రూపంలోని క్రోమియం క్యాన్సర్ కారకం. ఆ పొడి మధ్య పనిచేసినవారు, పాత రంగును కాగితంతో గీకినవారు దానిని పీల్చారు. క్రమంగా కార్ల కంపెనీలు దానిని వదిలేశాయి. ఐరోపాలో 2015 మే నుంచి ప్రత్యేక అనుమతి లేనిదే వాడరాదన్నారు. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90కి పరిమితం చేసే నియమం 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. క్రోమేటు స్థానంలో వచ్చిన సేంద్రియ ఎరుపులు, పసుపులు చూపుకు ఎంతో కాంతివంతం. కాని వాటిలో చాలావరకు గాజుకాగితం లాంటివి, అడుగును దాచలేవు.

దీనికి మరో మార్పు తోడైంది. పూర్వం రంగు పొరే మెరుపు పొర కూడా. 1980ల నుంచి రంగుకు బేస్‌కోటు, మెరుపుకు క్లియర్‌కోటు అని రెండుగా విడదీయడం వ్యాపించింది. బేస్‌కోటు ఆరాక సాధారణంగా 15 నుంచి 25 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. భారమంతా ఆ పల్చని పొర మీద పడింది. కనుక పెయింటరు చెప్పేది చాలాసార్లు నిజమే. అయితే అతడు చెప్పే మందు మాత్రం సరైనది కాదు.

పూత మీద పూత దట్టంగా కొడితే లోపలి థిన్నరు బయటకు రాలేక పిన్నుపోటు రంధ్రాలు పడతాయి, రంగు జారుతుంది, కొంతకాలానికి పెచ్చులూడవచ్చు. సరైన మందు అడుగు రంగు. ఇది కొత్తది కాదు. బగ్గీల కాలం పనివారు కార్మైన్ లాంటి పారదర్శకమైన ఎరుపు వేసేముందు దానికి తగిన అడుగు రంగు వేసేవారు. నేటి కంపెనీలు కూడా ఆ మార్గమే పట్టాయి. చాలా రంగులకు ఏ ఛాయ బూడిద రంగు సర్ఫేసరు కింద వేయాలో వాటి ఫార్ములాలోనే రాసి ఉంటుంది.

కనుక షెడ్డులో ఈ విషయాలు అడగండి. పట్టీ పెట్టిన మచ్చ ఒక రంగు, పాత పెయింటు ఒక రంగుగా వదిలేయకుండా ప్యానెలంతా ఒకే ఛాయ సర్ఫేసరు వేశారా? డబ్బా అడుగున పేరుకున్న రంగును బాగా కలిపారా? థిన్నరు కొలత ప్రకారమే పోశారా? ప్రతి పల్చని పూత మెరుపు తగ్గి ఆరాకే తరువాతది కొడుతున్నారా? ముందుగా నలుపు తెలుపు గళ్ల అట్ట మీద కొట్టి, ఎన్ని పూతలకు గళ్లు మాయమవుతాయో పగటి వెలుగులో చూశారా? ఈ అట్ట పద్ధతితో ఎన్ని పూతలు కావాలో ముందే తెలుస్తుంది. అప్పుడు బిల్లు మీద వాదన ఉండదు.

చివరగా ఒక మనవి. సీసం పోయినా ప్రమాదం పూర్తిగా పోలేదు. క్లియర్‌కోటులో కలిపే హార్డెనర్‌లోని ఐసోసైనేటులు పీల్చినవారికి ఉబ్బసం తెప్పించగలవు. ముక్కుకు కట్టిన చేతిరుమాలు దానిని ఆపలేదు. పనివాడికి సరైన మాస్కు ఉన్నదా అని కూడా అడుగుదాం. దాచే శక్తి తగ్గిన రంగును మనం భరించడం వల్ల ఒక తరం పనివారికి సీసం బెడద తగ్గింది. అదనపు పూతకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఆ సంగతి మరువరాదు.