ఎస్‌యూవీ 2.5: ఈ అంకె ఎక్కడిది?

ఈ వారం ఎపిసోడ్ పెట్ స్కాన్ మీద. డ్యూటీల వల్ల వినలేని వాళ్ల కోసం అసలు సంగతి ఇక్కడ రాస్తున్నా. రిపోర్టు ఫొటో పంపి మనవాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, ఎస్‌యూవీ 4.1 అని ఉంది, క్యాన్సరేనా?" ఇక్కడ ఎస్‌యూవీ అంటే కారు కాదు.

క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడేసుకుంటాయని 1920లలోనే జర్మనీలో ఒట్టో వార్‌బర్గ్ కనిపెట్టాడు. అది మనిషి ఒంట్లో చూడటానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1976 ఆగస్టులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబులో ఎఫ్‌డీజీ తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు పంపారు. ఎఫ్‌డీజీ అంటే రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజు లాంటి మందు. ప్రతి 110 నిమిషాలకు దాని రేడియేషన్ సగమైపోతుంది, అందుకే ఆ పరుగు. తమాషా ఏంటంటే, ఆ రోజు వాళ్లు చూడాలనుకున్నది మెదడును! క్యాన్సర్ వాడకం తర్వాత వచ్చింది.

బొమ్మలో ఒక చోట మెరిస్తే, ఎంత మెరిసిందో చెప్పడానికి ఒక భాగహారం పెట్టుకున్నారు. ఎక్కించిన మందు ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే ప్రతిచోటా 1 రావాలి. 4 వచ్చిందంటే అక్కడ సగటుకు నాలుగింతలు చేరిందని. అంతే. ఆ లెక్కలో క్యాన్సర్ అన్న మాటే లేదు.

మరి 2.5? ఊపిరితిత్తుల గడ్డల విషయంలో డాక్టర్లు వాడిన గీత అది, మెల్లగా అన్నిటికీ అంటుకుంది. 1995లోనే జాన్ కీస్ అనే అమెరికా డాక్టరు, ఇది ప్రామాణికమా లేక పనికిరాని పిచ్చి అంకెనా అని వ్యాసం పేరులోనే అడిగేశాడు. షుగర్ ఎక్కువున్నా, ఇంజెక్షన్ తర్వాత ఆగిన టైము మారినా, ఒళ్లు లావైనా, మెషిన్ మారినా అంకె మారిపోతుంది. టీబీ గడ్డ కూడా గ్లూకోజు లాగుతుంది. టీబీ ఎక్కువున్న దేశం నుంచి వచ్చిన మనకు ఇది చిన్న విషయం కాదు. గడ్డ ఏంటో తేల్చేది బయాప్సీ. అలాగని తక్కువ అంకె చూసి ధీమా పడొద్దు. మెల్లగా పెరిగే కొన్ని క్యాన్సర్లు పెద్దగా మెరవవు.

2009లో ఫ్రాన్స్‌లోని డోవిల్‌లో కూర్చున్న డాక్టర్లు లింఫోమాకు మంచి దారి కనిపెట్టారు: గడ్డ మెరుపును అదే రోగి లివర్‌తో పోల్చి, 1 నుంచి 5 మార్కులు వేయడం. అంటే తూకం రాయి మన ఒంట్లోనే ఉంది. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో తెలివైన పని ఇదే.

దుబాయ్‌లో 9, హైదరాబాద్‌లో 6 వస్తే మందు పనిచేసినట్టేనా? కావచ్చు, మెషిన్ తేడానూ కావచ్చు. అందుకే ఇంటికి పోయేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ సీడీ కూడా అడిగి తీసుకోండి. ఆ రోజు షుగర్ ఎంత, ఇంజెక్షన్ ఎన్నింటికి, స్కాన్ ఎన్నింటికి అన్నది రాయించుకోండి. వీలైతే తర్వాతి స్కాన్ కూడా అదే సెంటర్లో, అదే మెషిన్ మీద చేయించుకోండి.