రాజ్యాంగ సభలో మహబూబ్ అలీ బేగ్

1948 నవంబరు నాటికి ఇందల్వాయి గాని, నిజామాబాదు పట్టణం గాని, చక్కెర కర్మాగారం గల బోధన్ గాని సైనిక గవర్నరు పాలనలో ఉన్నాయి. హైదరాబాదు సంస్థానం లొంగిపోయి రెండు నెలలు గడిచాయి. అదే సమయంలో ఢిల్లీలో రాజ్యాంగ సభ ముసాయిదాలోని అధికరణాలను ఒక్కొక్కటిగా చర్చకు తీసుకుంటున్నది. ఆ సభలో హైదరాబాదు సంస్థానం తరఫున ఒక్క ప్రతినిధి కూడా లేరు. చివరివరకూ రాలేదు. 1949 నవంబరులో నిజాం జారీచేసిన ఫర్మానాతో ఆ రాజ్యాంగం ఇక్కడ అంగీకృతమైంది. కనుక ఇందల్వాయి ముస్లిం నికాహ్ గురించి, వారసత్వం గురించి, అతని వ్యక్తి స్వేచ్ఛ గురించి సభలో మాట్లాడినవారంతా ఇతర రాష్ట్రాలవారే. వారిలో తెలుగునేల నుండి వెళ్ళిన సభ్యులు బెజవాడ న్యాయవాది మహబూబ్ అలీ బేగ్ సాహెబ్. మద్రాసు రాష్ట్రపు ముస్లిం స్థానాలలో ఒకదాని నుండి ఆయన ఎన్నికయ్యారు.

నేడు ఆయన పేరు ఎవరైనా తలచుకుంటే అది ఉమ్మడి పౌరస్మృతి చర్చ సందర్భంలోనే. ఆయన పట్ల ఇది సగం న్యాయమే. అయినా ముందు ఆ చర్చనే చూద్దాం.

1948 నవంబరు 23న ముసాయిదాలోని 35వ అధికరణం సభ ముందుకు వచ్చింది. దేశమంతటా పౌరులకు ఒకే పౌరస్మృతి కల్పించడానికి రాజ్యం కృషిచేయాలని దాని సారాంశం. మద్రాసుకే చెందిన ముహమ్మద్ ఇస్మాయీల్ సాహెబ్, మలబారు నుండి వచ్చిన పోకర్ సాహెబ్, బెంగాలు నుండి నజీరుద్దీన్ అహ్మద్ తదితరులు మినహాయింపులు కోరారు. బేగ్ సాహెబ్ సవరణ అన్నిటికన్నా క్లుప్తం: ఈ అధికరణంలోని ఏదీ పౌరుని వైయక్తిక చట్టానికి భంగం కలిగించరాదు.

ఆయన వాదనకు రెండు అంచెలున్నాయి. పౌరస్మృతి అన్న మాట ఆస్తి బదిలీ, ఒప్పందాలు, సాక్ష్యం వంటివాటికి వర్తిస్తుందే తప్ప మతానికి సంబంధించిన వైయక్తిక చట్టానికి కాదన్నది మొదటిది. ఇది బలహీనమైన వాదన. వివాహం, వారసత్వం కూడా ఆ మాటలో ఇమిడే ఉన్నాయని సభలోని న్యాయవాదులందరికీ తెలుసు, ఆయనకూ తెలిసే ఉంటుంది. రెండవ అంచె గట్టిది. లౌకిక రాజ్యమంటే అందరూ అన్ని విషయాలలో ఒకే విధంగా నడవడం కాదు, వివిధ సముదాయాలు తమ మతాన్ని, జీవన విధానాన్ని నిలుపుకోగల రాజ్యమే లౌకిక రాజ్యం అన్నారు.

ఇక్కడే ఆసక్తికరమైన ఒక సంవాదం జరిగింది. ముస్లింలకు వివాహం దివ్య ఖుర్ఆన్, దైవప్రవక్త (స) సంప్రదాయాల ద్వారా విధింపబడినదని ఆయన చెబుతుండగా, అది ఒప్పందమే కదా అని అనంతశయనం అయ్యంగార్ అడ్డు తగిలారు. అయ్యంగార్ కూడా తెలుగునేలవారే, తిరుపతి దగ్గరి తిరుచానూరు వారు, తరువాత లోక్‌సభ స్పీకరయ్యారు. ఇతర సముదాయాల చట్టాల గురించి అయ్యంగార్ గారి భావాలు ఎప్పుడూ వింతగానే ఉంటాయని బేగ్ సాహెబ్ బదులిచ్చారు. హిందువులకు వివాహం సంస్కారం, ఐరోపావారికి అది ఒక హోదా, ముస్లింలకు ఒప్పందం, నిజమే. కాని ఆ ఒప్పందాన్ని విధించినది ఖుర్ఆనే, అది పాటించకపోతే ఆ వివాహం చెల్లదు, 1350 సంవత్సరాలుగా ఇది అమలులో ఉన్నది అని వివరించారు. అది హిజ్రీ 1368వ సంవత్సరం. ఆయన లెక్క సరైనదే.

ఈ జవాబులోని విలువ మదరసాలో ఫిఖ్ చదివినవారికి వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషు చట్టంలో ఒప్పందమంటే ఇద్దరి ఇష్టంతో పుట్టి వారి ఇష్టంతోనే మారేది. షరీఅత్‌లో అఖ్ద్ అలాంటిది కాదు. ఈజాబ్, ఖబూల్, సాక్షులు, మహర్ ఉన్నందున దానికి ఒప్పందపు రూపం ఉన్నది. కాని దాని హద్దులు అల్లాహ్ నిర్ణయించినవి. అన్నిసా సూరా 21వ ఆయత్ దాన్ని దృఢమైన ప్రమాణంగా పేర్కొంటుంది. ఇంత విషయాన్ని అడ్డంకుల మధ్య, పరాయి భాషలో, రెండు మూడు వాక్యాలలో చెప్పగలగడం చిన్న పని కాదు.

మున్షీ, నెల్లూరు జిల్లాలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ప్రతివాదం వినిపించారు. డాక్టర్ అంబేద్కర్ చివర మాట్లాడుతూ, ముస్లిం చట్టం దేశమంతటా ఒకే విధంగా ఎన్నడూ లేదన్నారు. వారసత్వ విషయంలో 1935 వరకు వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో, 1937 వరకు సంయుక్త రాష్ట్రాలు, బొంబాయి మొదలైనచోట్ల షరీఅత్ అమలులో లేదని, ఉత్తర మలబారులో ముస్లింలకు మరుమక్కత్తాయం వర్తించేదని ఉదాహరించారు. ఈ వాస్తవాలు కాదనలేనివి. అయితే అవి నిరూపించినది వేరొకటి. కూతుళ్ళకు వాటా లేకుండా చేస్తున్న ఆచారాలను తొలగించి షరీఅత్‌ను నిలబెట్టమని ముస్లింలే అడిగి 1937 చట్టాన్ని తెచ్చుకున్నారు. (వ్యవసాయ భూమిని మాత్రం ఆ చట్టం వదిలిపెట్టింది. కూతురి హక్కు పొలం గట్టు దగ్గర ఆగిపోయింది.) ఈ సమాధానం ఆ రోజు బేగ్ సాహెబ్ నోట రాలేదు. స్వచ్ఛందంగా అంగీకరించినవారికే పౌరస్మృతి వర్తించేలా భావి పార్లమెంటు ప్రారంభించవచ్చునని అంబేద్కర్ ఒక మాట అన్నారు. సవరణలన్నీ వీగిపోయాయి. ఆ అధికరణమే నేటి 44వది. న్యాయస్థానాలు అమలుపరచలేని ఆదేశిక సూత్రమైనా 1985లో షాబానో తీర్పులోను, 2024లో ఉత్తరాఖండ్ శాసనసభలోను అదే ముందుకు వచ్చింది.

ఇక రెండవ సగం. డిసెంబరు ఆరంభంలో వాక్‌స్వాతంత్ర్యం మొదలైన హక్కుల అధికరణం చర్చకు వచ్చినప్పుడు, వాటికి పరిమితులు విధించే ఉపవాక్యాలనే తొలగించాలని ఆయన కోరారు. ప్రాథమిక హక్కు అంటే శాసనసభ కూడా చేయి వేయలేనిదని, హక్కును ముందు ఇచ్చి వెంటనే చట్టానికి లోబరిస్తే ఏమవుతుందో హిట్లర్ జర్మనీ చూపిందని హెచ్చరించారు. డిసెంబరు 6న 15వ అధికరణం వచ్చింది. చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్ని, స్వేచ్ఛను హరించరాదని దాని పాఠం. ఈ మాటలు జపాను రాజ్యాంగం 31వ అధికరణంలోనివని ముసాయిదా సంఘం చెప్పుకున్నది. బేగ్ సాహెబ్ ఆ జపాను రాజ్యాంగాన్నే తెరిచి చూపారు. దాని వెంటనే 32, 34, 35 అధికరణాలున్నాయి: న్యాయస్థానాన్ని ఆశ్రయించే హక్కు, అరెస్టుకు కారణం తెలుసుకుని న్యాయవాదిని పెట్టుకునే హక్కు, అక్రమ సోదాల నుండి రక్షణ. ఒక వాక్యాన్ని తెచ్చుకుని, దానికి కాపలా ఉన్న మూడింటిని వదిలివేశారన్నది ఆయన అభ్యంతరం. మతం ప్రసక్తి లేని ఈ ప్రసంగమే ఆయన ప్రసంగాలలో మేటిది.

ఆ వారాలలో హైదరాబాదు సంస్థానంలో విచారణ లేని నిర్బంధం నిత్యకృత్యం. రజాకార్లని కొందరిని, కమ్యూనిస్టులని కొందరిని వేల సంఖ్యలో పట్టుకున్నారు. మాజీ ప్రధాని మీర్ లాయక్ అలీ గృహనిర్బంధంలో ఉన్నారు. పోలీసు చర్య అనంతరం జరిగిన హత్యాకాండ గురించి తెలుసుకోవడానికి పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ప్రభృతులు నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు సంస్థానంలో పర్యటించారు. సభలో వ్యక్తి స్వేచ్ఛ గురించి చర్చ సాగినది సరిగ్గా ఈ రోజులలోనే.

సవరణలను సభ డిసెంబరు 13న తిరస్కరించింది. అయితే 1949 సెప్టెంబరులో అంబేద్కర్ స్వయంగా మరో అధికరణం తెచ్చారు: అరెస్టయినవారికి కారణం తెలపాలి, న్యాయవాదిని అనుమతించాలి, 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. బేగ్ సాహెబ్ అడిగినదానిలో కొంత అలా నేటి 22వ అధికరణంగా చేరింది, కాని ముందస్తు నిర్బంధాన్ని కూడా వెంటబెట్టుకునే వచ్చింది. 1950లో ఎ. కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు, పద్ధతి న్యాయమైనదా కాదా అని తాను చూడనక్కరలేదన్నది. జస్టిస్ ఫజ్ల్ అలీ విభేదించారు. ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని అదే కోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో తీర్పు చెప్పింది.