జారిన పూసకు ఎముక అతుకు

నడుములో ఒక వెన్నుపూస కింది పూస మీది నుంచి ముందుకు జారినప్పుడు, ఆ రెంటినీ కదలకుండా ఒక్కటిగా అతికించే శస్త్రచికిత్స స్పైనల్ ఫ్యూజన్. ఇందులో మరలు, కడ్డీలు బిగిస్తారు కాబట్టి అంతా లోహం మీదే నిలుస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి అతకాల్సింది ఎముక. పూసల నడుమ పేర్చిన ఎముక ముక్కలు కలిసి పెరిగేదాకా మరలు వాటిని పట్టి ఉంచుతాయి, అంతే. ఎముక అతకకపోతే ఎంత గట్టి మర అయినా కొన్నాళ్లకు వదులు కావచ్చు, విరగవచ్చు.

ఈ చికిత్స మొదట వచ్చింది క్షయ కోసం. వెన్నుకు టీబీ సోకి, పూసలు కుంగి గూని తేలుతున్న రోగులకు 1911లో న్యూయార్క్‌లో ఇద్దరు వైద్యులు వేర్వేరుగా దీన్ని చేశారు. రస్సెల్ హిబ్స్ వెన్ను వెనుక ఉండే ఎముక ముళ్లనే విరిచి ఒకదాని మీదికి ఒకటి ఒరిగించాడు. ఫ్రెడ్ ఆల్బీ మోకాలి కింది ఎముక నుంచి బద్ద కోసి వెన్నులో అమర్చాడు. జారిన పూసకు ముందువైపు నుంచి ఎముక మేకు దిగ్గొట్టింది ఇంగ్లండ్‌కు చెందిన వైద్యుడు బర్న్స్, 1933లో. రోగి 14 ఏళ్ల పిల్లవాడు. మరలు లేని ఆ రోజుల్లో అతుకు పడేదాకా నెలల తరబడి పట్టీలో, మంచంలో ఉండాల్సిందే. 1963లో పారిస్‌లో రోయ్-కమీ అనే వైద్యుడు పూసలోకి వెనుక నుంచి మర దించే పద్ధతి మొదలుపెట్టాక ఆ తిప్పలు చాలావరకు తప్పాయి.

ఇక మన దగ్గరికి వస్తే, తెలంగాణలోని ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నడుమును నమ్ముకొని బతికేవాళ్లే ఎక్కువ. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబావుల్లో యంత్రాలు రాకముందు కోల్ ఫిల్లర్ వంగి, చెమ్మాస్ (పార)తో బొగ్గు తట్టకెత్తి, తట్ట మోసుకెళ్లి టబ్బులో పోసేవాడు. వంగడం, ఎత్తడం, ఒళ్లు తిప్పడం: నడుము కింది పూసల మీద భారమంతా పడేది ఇక్కడే. అయితే పూస జారడం బాయి పనివాళ్లకే పరిమితం కాదు. కొందరికి చిన్న వయసులోనే పూస వెనుక భాగంలో పగులు వస్తుంది. యాభై దాటాక కీళ్లు అరిగి జారేది మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. వంగి నాట్లు వేసి, పత్తి ఏరిన అమ్మల నడుము నొప్పిని వయసు మీద పడిందని కొట్టిపారేయడం అన్యాయం.

అలాగని నడుము నొప్పి అన్నవారందరికీ మరలు అక్కర్లేదు. జారుడును మేయర్‌డింగ్ అనే వైద్యుడు 1932లో నాలుగు మెట్లుగా విభజించాడు. మొదటి మెట్టు, అంటే పావు వంతు లోపు జారుడు, ఎక్కువ మందిలో మందులు, వ్యాయామంతోనే అదుపులో ఉంటుంది. నాలుగు అడుగులు వేయగానే కాళ్లు గుంజి కూర్చోవాల్సి రావడం, పాదంలో పట్టు తగ్గడం, నిలబడి, వంగి తీసిన ఎక్స్‌రేల్లో పూస కదలడం కనిపిస్తే ఆపరేషన్ ఆలోచన వస్తుంది. మూత్రం మీద పట్టు తప్పితే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇలాంటి ఆపరేషన్లకు ఒకప్పుడు హైదరాబాద్ దారి, ఆదిలాబాద్ వైపు వారైతే నాగపూర్ దారి పట్టక తప్పేది కాదు. కరీంనగర్‌లో వైద్య కళాశాలలు, 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చాక తొలి పరీక్షలకైనా దూరం తగ్గింది. ఆపరేషన్ తర్వాత నడక కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. ఎముక అతకడానికి మాత్రం నెలలు పడుతుంది. బీడీ తాగేవారిలో అతుకు పడటం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు పడదు. బరువులెత్తే పనికి తిరిగి వెళ్లాలా, తేలిక పని అడగాలా అన్నది ఎక్స్‌రేలో అతుకు కనిపించాకే తేల్చుకోవాలి.