అబేర్ పోగొట్టుకున్న ఆస్తి

స్పానిష్‌లో ‘నాకు ఇల్లుంది’ అనడానికి ‘తెంగో ఉనా కాసా’ అంటారు. ఈ తెంగోకు మూలం లాటిన్ క్రియ ‘తెనేరే’. దాని అసలు అర్థం పట్టుకోవడం. సొంతదనం చెప్పే పని మొదట ‘హబేరే’ది. మన ‘నాకు ఉంది’కి అచ్చంగా సరిపోయే ‘మిహి ఎస్త్’ కూడా లాటిన్‌లో ఉండేది గానీ, ఆ వాడుక స్పానిష్‌లో నిలవలేదు.

హబేరే స్పెయిన్‌లోని కాస్తీల్ గడ్డ మీద ‘అవేర్’ (నేటి ‘అబేర్’) అయింది. 1207 నాటి తేదీ కనిపించే వీరగాథ ‘కాంతార్ దె మియో సిద్’లో సంపదకు పేరే ‘అవేరెస్’. తెనేరే నుంచి వచ్చిన ‘తెనేర్’ ఎక్కువగా చేతిలో ఉన్న వస్తువునో, అదుపులో ఉన్న కోటనో చెప్పేది.

అవేర్‌కు ఇంకో కొలువు కూడా ఉండేది. ‘రాసిన ఉత్తరం నా దగ్గరుంది’ అనే తీరు పలుకుబడి లాటిన్ కాలం నుంచే మెల్లగా ‘ఉత్తరం రాశాను’ అనే అర్థంలోకి జారింది. అలా అవేర్ పూర్తయిన పనిని చెప్పే సహాయక క్రియగా స్థిరపడింది. దాని రూపాలు కూడా ‘ఎ’, ‘అస్’, ‘అ’ అనేంతగా అరిగిపోయాయి. ఇంత చిన్న మాటలు ఆస్తిపాస్తుల బరువు మోయలేకపోవడం సహజమే అనిపిస్తుంది. నిండుగా వినిపించే తెనేర్ ఆ చోటు ఆక్రమించింది.

ఈ మార్పును కళ్లారా చూసిన సాక్షి స్పానిష్ రచయిత హ్వాన్ దె వల్దేస్. 1535 ప్రాంతంలో నేపుల్స్‌లో రాసిన ‘దియాలొగో దె లా లెంగ్వా’లో, తెనేర్ రూపమైన ‘తెంగా’కు బదులు అవేర్ రూపమైన ‘అయా’ అనడం పాతకాలపు అలవాటనీ, కొందరు ఇంకా అలాగే అంటున్నారనీ ఆయన గమనించాడు. ఆ గ్రంథం అచ్చయింది మాత్రం 1737లో. అప్పటికి తెనేర్ ఎప్పుడో గెలిచేసింది. పోర్చుగీసులోనైతే దాని తోబుట్టువు ‘తెర్’ సహాయక క్రియ పదవిని కూడా లాగేసుకుంది. స్పానిష్‌లో జీతభత్యాలను ‘అబేరెస్’ అనడంలో పాత వైభవం కాస్త మిగిలింది.

స్పానిష్‌లో సొంతదనం చెప్పే ‘సు’ అనే చిన్న మాటది మరో చిక్కు. అతని, ఆమె, వాళ్ల అనే అర్థాలు దానికి ముందే ఉన్నాయి. ‘వుయెస్త్రా మెర్సెద్’ అనే గౌరవ సంబోధన అరిగి 17వ శతాబ్దంలో ‘ఉస్తెద్’గా కుదురుకునేసరికి, ‘మీ’ అనే అర్థమూ దాని నెత్తినే పడింది. అందుకే స్పష్టత కావలసినచోట ‘దె ఎల్’ (అతని), ‘దె ఎయ్యా’ (ఆమె) అని విడదీసి చెబుతారు.

ఆండీస్ కొండల్లో ఇదే ‘సు’ ఇంకో దారి పట్టింది. అక్కడి వాడుకలో ‘దె మి మమా సు కాసా’ అంటే మా అమ్మ ఇల్లు. బడి వ్యాకరణానికి అది తప్పు. కానీ అక్కడి క్వెచువా భాషలో యజమాని పేరే ముందొస్తుంది, ప్రత్యయం యజమానికీ వస్తువుకూ కూడా తగులుతుంది. ఆ పద్ధతినే అక్కడివాళ్లు స్పానిష్ మాటలతో కట్టుకున్నారు.